ఏలూరు రోడ్డు సందులో ఫ్రీ లాయరమ్మ: అయిదుకి నాలుగు

ముందే చెప్పేస్తున్నాను, ఈ ఆఫీసు పేరు రాయడం లేదు. లాయరమ్మే వద్దంది. "మీరు రాస్తే మెట్ల కింద దాకా లైను వస్తుందక్కా, ఇక్కడున్నది ఒక బెంచీ, ఒక నేను" అంది. ఆవిడ మాట తీసేయలేను. ఇలాంటి సాయం కావాల్సిన వాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం మధ్యలో రాస్తాను, కాస్త ఓపిగ్గా చదవండి. నేను ఇంట్లో బ్లౌజులు కుట్టేదాన్ని, రివ్యూలు రాసే అలవాటు లేదు, అప్పుడెప్పుడో ఒక మిక్సీ గురించి రెండు లైన్లు రాశాను, అదీ జార్ మూత సరిగ్గా పట్టట్లేదని.

సంగతేంటంటే, విజయవాడలో అద్దె ఇళ్లలో ఉండే మాలాంటి వాళ్లని ఓనర్లు ఉన్నపళంగా ఖాళీ చేయమంటే పైసా తీసుకోకుండా మన తరఫున నిలబడే లాయర్ల ఆఫీసు ఇది. ప్రభుత్వానిది కాదు, ఒక స్వచ్ఛంద సంస్థ. ఏలూరు రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో కింద జిరాక్స్ షాపు, పైన వీళ్లు. 2024 నవంబర్ నుంచి 2025 మే దాకా పదకొండుసార్లు ఆ మెట్లెక్కాను. ఒక్కసారి పోయి వచ్చి రాస్తున్నది కాదు.

మాది సింగ్‌నగర్. డాబా కొట్ల సెంటర్ నుంచి కొంచెం లోపలికి, గ్రౌండ్ ఫ్లోర్‌లో రెండు గదుల పోర్షన్, ఎనిమిదేళ్లుగా అదే ఇల్లు. అద్దె 4,800, అడ్వాన్స్ 10,000. అగ్రిమెంట్ అంటూ ఏమీ లేదు, నోటి మాటే. మా ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ చేస్తాడు. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చినప్పుడు ఎలా ఉందో బెజవాడ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. రెండు రాత్రులు డాబా మీద, ఆ తర్వాత పడవలో ఫ్లైఓవర్ దాకా. తిరిగొచ్చేసరికి నా కుట్టు మిషన్ మోటారు నిండా బురద, కస్టమర్లవి 23 జాకెట్ ముక్కలు ఒకదాని రంగు ఇంకోదానికి అంటుకుని ఒకే ముద్ద, బీరువా కింది అరలో పెట్టిన అద్దె పుస్తకం, అంటే నెలనెలా ఓనరు సంతకం పెట్టే రూళ్ల నోటుబుక్కు, అట్టతో సహా గుజ్జయిపోయింది. ఆ రోజు మిషన్ గురించే ఏడ్చాను. పుస్తకాన్ని చీపురుతో ఊడ్చి పారేశాను.

మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకి ప్రభుత్వం 25,000 ఇచ్చింది కదా, ఆ డబ్బు నా అకౌంట్లో పడింది. అక్కడ మొదలైంది గొడవ. మునిగింది నా ఇల్లయితే డబ్బు మీకెలా వస్తుంది అని ఓనరు. ఎనిమిదేళ్లు బాబాయ్ గారూ బాబాయ్ గారూ అని పిలిచిన మనిషి. పాడైన సామాను మాది కదండీ అంటే వినడు. దానికితోడు సెప్టెంబర్, అక్టోబర్ అద్దె మేం కట్టలేదు, అది మా తప్పే, ఆ డబ్బు మిషన్ బాగుకీ, పరుపులకీ, పాడైన జాకెట్ ముక్కల బదులు కొత్తవి కొనివ్వడానికీ అయిపోయింది. దీపావళి వెళ్లిన వారానికి వచ్చి, టైల్స్ వేయించి రంగులేయించి 7,500కి ఇచ్చుకుంటాను, నెలాఖరుకి ఖాళీ చేసేయండి అన్నాడు. మా అమ్మాయి టెన్త్. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. స్కూలేమో నడిచిపోయేంత దూరంలో. ఆ టైములో ఇల్లు మారడమంటే ఎలా ఉంటుందో పిల్లలున్న వాళ్లకి తెలుస్తుంది.

బ్లౌజు కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ చెప్పింది ఈ ఆఫీసు సంగతి. మా ఆయన నవ్వాడు. "ఫ్రీ లాయరంటే ఫ్రీగా ఓడిపోవడమే" అన్నాడు. నాకూ లోపల అదే అనుమానం, అయినా సామాన్లు సర్దడం కంటే మెట్లెక్కడం తేలికని వెళ్లాను.

పైన ఒక గది. గోడకి పాత దివాన్ లాంటి బెంచీ, చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు, అట్టపెట్టెల్లో ఫైళ్లు, తిరిగేటప్పుడు టకటకలాడే ఫ్యాను. పేర్లు రాసుకునే అమ్మాయి ఒకర్తి, నల్లకోటు కొత్తగా వేసుకున్న జూనియర్ కుర్రాడు ఒకడు, లాయరమ్మ. నాకంటే చిన్నదే, ముప్పై అయిదు కూడా ఉండవు. పొద్దున కోర్టు, మధ్యాహ్నం మూడు తర్వాత ఇక్కడ. నా వంతు వచ్చేసరికి అయిదున్నర. ఏడుస్తూ వరద దగ్గర్నుంచి మొదలుపెడితే, ఆవిడ నీళ్ల బాటిల్ నా వైపు తోసి మూడే మూడు అడిగింది. అద్దె ఎలా ఇస్తారు, చేతికా ఫోన్‌లోనా? ఆఖరిసారి ఎప్పుడిచ్చారు? ఖాళీ చేయమని కాగితం మీద ఏమైనా ఇచ్చాడా?

అయ్యో పాపం అనలేదు. నిజం చెప్పాలంటే నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. రెండు నెలల బాకీ సంగతి చెప్పగానే ముందు ఆ డబ్బు ఎలా పుట్టిస్తారో ఆలోచించమంది. వరదొచ్చి మునిగిపోయాం కదా మేడమ్ అంటే, వరదకి ఇల్లు ఇక ఎప్పటికీ ఉండడానికి పనికిరాకుండా పోతే ఆ అద్దె ఒప్పందం వద్దని వెళ్లిపోయే హక్కు అద్దెకున్న వాళ్లకి ఉంటుంది, అది చట్టంలో ఉంది, కానీ అదే ఇంట్లో ఉంటూ అద్దె కట్టననడానికి మాత్రం ఏ చట్టమూ ఒప్పుకోదు అంది. "మీ ఓనరు మీద నేను ఎంత గట్టిగా మాట్లాడాలన్నా మీ అద్దె కట్టి ఉండాలక్కా. బాకీ ఉంటే నా నోరు సగం మూసేసినట్టే." ఇంటికొచ్చి గాజులు తాకట్టు పెట్టాం. మంచి సలహా కోసం పోతే గాజులు పోయాయని ఆ రాత్రి మా ఆయన ఎత్తిపొడిచాడు, అదీ రాయాలి కదా.

ఇక రుజువులు. పుస్తకం గుజ్జయింది, నా దగ్గర ఏ కాగితమూ లేదు అన్నాను. ఆవిడ నా ఫోన్ అడిగి తీసుకుంది. ఫోన్‌పే తెరిచి, ఓనరు గారి భార్య నంబర్ కొట్టి, పైకి పైకి తోసుకుంటూ పోయింది. మొదటి అయిదేళ్లూ చేతికే ఇచ్చాం కానీ, ఓనరు కొడుకు హైదరాబాద్ వెళ్లాక ఆవిడకి ఫోన్‌లో వేయమన్నారు. 2021 అక్టోబర్ నుంచి నెలనెలా 4,500, తర్వాత 4,800, కొన్నింటి కింద నేనే "అద్దె" అని రాసి పంపినవి. మధ్యలో ఒక చోట ఆవిడ "అందింది, ఈ నెల నీళ్ల డబ్బు 100 కూడా పంపు" అని పెట్టిన మెసేజి. లాయరమ్మ ఆ ఒక్క లైను దగ్గర ఆగి నవ్వింది. ఆ వంద రూపాయలే మీకు అగ్రిమెంటు అంది. కిందకి దిగి అన్నీ ప్రింట్ తీయించమంది, పేజీ రెండు రూపాయలు. ఇంకా ఏమేం పనికొస్తాయో ఆవిడ చెప్పాకే తెలిసింది: ఆధార్ మీద అడ్రస్సు, గ్యాస్ బుక్కు, పిల్ల స్కూల్ డైరీ మీద ఇంటి నంబరు, మా ఆయన ఫోన్ నుంచి కట్టిన కరెంటు బిల్లులు. నేను ఎనిమిదేళ్లు అక్కడే ఉన్నాననడానికి ఇన్ని ఉన్నాయి, నేనేమో ఒక్క నోటుబుక్కు కోసం తల పట్టుకున్నాను. ఇక నుంచి చేతికి రూపాయిచ్చినా రసీదు తీసుకోమని, తేదీ లేని రసీదు చిత్తు కాగితంతో సమానమని చెప్పింది. ఈ తేదీ మాట ఆరు నెలల్లో నాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటుంది.

చట్టం గురించి నాకు అర్థమైనంత వరకు రాస్తాను, తప్పుంటే నాదే. రాతపూర్వకంగా వేరే ఒప్పందమేదీ లేని నెల అద్దె ఇంటిని ఖాళీ చేయించాలంటే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల ముందు కాగితం మీద నోటీసివ్వాలి. గుమ్మంలో నిలబడి అరిస్తే అది నోటీసు కాదు. నోటీసు గడువు అయిపోయినా సరే, మనం కదలకపోతే ఓనరు కోర్టుకి పోవాల్సిందే, తనంతట తానే మనల్ని బయటికి నెట్టే హక్కు లేదు. మరి అందరూ 11 నెలల అగ్రిమెంటు అంటారెందుకని అడిగితే, ఏడాది దాటిన లీజైతే రిజిస్టర్ చేయించాలని 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది, మన రాష్ట్రంలో తర్వాత దాన్ని సవరించి లీజులన్నిటికీ రిజిస్ట్రేషన్ ఉండాలన్నారు, అయినా ఆ పాత లెక్కనే పట్టుకుని ఖర్చు తప్పించుకోవడానికి పదకొండు దగ్గర ఆపుతారు, అంతేగానీ పదకొండు నెలలు కాగానే మెడ పట్టి గెంటేయొచ్చని కాదు అంది. ఏ చట్టం కింద ఏ కోర్టుకి పోవాలన్నది అద్దె ఎంత, ఇల్లెప్పుడు కట్టారు లాంటి వాటిని బట్టి మారిపోతుందట, అందుకని నా కేసు చదివి మీ కేసు కూడా ఇంతేననుకోకండి, ఆవిడే అలా రాయమంది.

సరే, గాజుల డబ్బుతో రెండు నెలల బాకీ, నవంబర్ అద్దె కలిపి 14,400 ఫోన్‌పే చేశాను. పది నిమిషాల్లో తిప్పి కొట్టాడు. మొత్తం వెనక్కి. "అద్దె అక్కర్లేదు ఇల్లు ఖాళీ చెయ్యి" అని కింద మెసేజి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు, అద్దె కూడా తీసుకోకపోతే ఇక మనం ఎవరమని అక్కడుంటాం అనిపించింది. లాయరమ్మకి పంపితే మాత్రం బొటనవేలు బొమ్మ పెట్టింది. మర్నాడు వెళ్తే చెప్పింది, ఇచ్చింది తీసుకోకుండా తిప్పి పంపాడంటే మీరు ఎగ్గొట్టేవాళ్లు కాదని ఆయనే రాసిచ్చినట్టు అని. ఆ తర్వాత నెల అద్దె మనియార్డర్ చేయించింది. మనియార్డర్! మా నాన్న హాస్టల్లో ఉన్న మా అన్నకి పంపేవాడు, అప్పుడు చూడటమే. పోస్టాఫీసులో ఫారం నింపుతుంటే కౌంటర్లో ఆయన, ఈ రోజుల్లో ఇదెవరికమ్మా అన్నాడు. అదీ తీసుకోలేదని తిరిగొచ్చింది. ఆ కాగితం ఫైల్లోకి పోయింది. డబ్బు మాత్రం ముట్టుకోకుండా విడిగా ఉంచమంది, ఎప్పుడడిగితే అప్పుడు కట్టేలా. ఇది అన్నిటికంటే కష్టం. ఇంట్లో 14,400 పెట్టుకుని పాలవాడికి రేపు ఇస్తానని చెప్పడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఆ బెంచీ మీద కూర్చుని నేను చూసింది కూడా చెప్పాలి, ఎందుకంటే వీళ్ల పనేంటో నా కేసులో కంటే అక్కడే బాగా తెలిసింది. ఒక రోజు లెక్కపెట్టాను, నా ముందు తొమ్మిది మంది. ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబం, ఉద్యోగం తీసేశారు కాబట్టి మెట్ల కింద గది రాత్రికల్లా ఖాళీ చేయాలట. వించిపేట నుంచి ఒక తాత, ముప్పై ఏళ్ల కిందట 90 రూపాయలకి అద్దెకి దిగాడు, ఓనరు చనిపోయి కొడుకులు పంచుకున్నారు, ఇప్పుడు ఇద్దరూ అద్దె మాకే ఇవ్వాలంటున్నారు. కాలవ కట్ట మీద గుడిసెల వాళ్లు అయిదారుగురు కలిసి వచ్చారు, అది అద్దె తగాదా కాదు, ప్రభుత్వ స్థలం, దారి వేరు అని చెప్పి, 1985లో బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్ల కేసులో సుప్రీంకోర్టు ఏమందో, బతుకుతెరువు కూడా జీవించే హక్కులోదేనని ఎలా చెప్పిందో, అయినా అక్కడే ఉండనివ్వాలని మాత్రం ఎందుకు అనలేదో ఓపిగ్గా పావుగంట వివరించింది. వాళ్లలో ఒక ముసలమ్మ "అయితే ఉండమందా, పొమ్మందా?" అని అడిగింది. లాయరమ్మకి వెంటనే నోరు పెగల్లేదు.

అందరి కేసులూ తీసుకోదు. ఒకాయన మంచి చొక్కా, చేతికి ఉంగరాలు, పద్నాలుగు నెలలుగా అద్దె కట్టలేదట, ఓనరు ముసలావిడ, విధవ. ఏదైనా పాయింటు చూడండి మేడమ్, ఇంకో ఏడాది లాగుదాం అన్నాడు. ఆవిడ చూపుడు వేలుతో మెట్లు చూపించింది. ఆయన దిగిపోతూ ఫ్రీ కదా అందుకే పొగరు అన్నాడు, అందరికీ వినపడేలా.

ఇంకొకటి, ఓనర్లందరూ రాక్షసులని ఆవిడ అనుకోదు. నేను మా ఓనర్ని తిడుతుంటే ఆపేది. ఆయన బోరు మోటారు కూడా మునిగింది కదక్కా, కొడుకు పెళ్లికి ఇంటి మీద లోనుందన్నారు కదా, ఆయనకీ నిద్ర పట్టట్లేదేమో, ఆయన్ని అక్కడి నుంచి మాట్లాడనిద్దాం అనేది. అప్పుడు నాకు నచ్చలేదు ఈ మాట. మన లాయరు మనతో కలిసి తిట్టాలి కదా. చివర్లో రాజీ దగ్గర మాత్రం అదే పనికొచ్చింది.

ఇప్పుడు సంక్రాంతి సంగతి. పండక్కి గుడివాడ దగ్గర మా అత్తగారి ఊరు వెళ్లాం. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ఆగి, 16న సాయంత్రం బయల్దేరి వచ్చాం. చేతిలో అరిసెల డబ్బా, పిల్ల భుజాన పుస్తకాల సంచి. గుమ్మం ముందుకొచ్చి చూస్తే మా తాళం మా తాళంలాగే ఉంది, దాని పైన గొళ్ళేనికి ఇంకో తాళం. కొత్తది, ఇత్తడిది, ఇంకా దానికి కొట్టువాడి రేటు చీటీ అలాగే అంటుకుని ఉంది. మా ఆయన పక్కింటి నుంచి సుత్తి తెచ్చేశాడు. నేను లాయరమ్మకి ఫోన్ చేశాను. పండగ, రాత్రి ఏడు గంటలు, ఎత్తదనుకున్నా. రెండో రింగుకే ఎత్తింది. మొదటి మాట: "తాళం ముట్టుకోకండి." రెండో మాట: "ఫోటో తీయండి, పక్కన ఎవరైనా ఉంటే వాళ్లని నిలబెట్టి తీయండి." ముప్పావు గంటలో స్కూటీ మీద వచ్చింది, పండగ చీర మీద స్వెట్టరు, తలలో పూలు కూడా ఉన్నాయి. వీధి గుమ్మం మీద కూర్చుని ఓనరుకి ఫోన్ చేసింది.

గట్టిగా అరుస్తుందని మేమంతా చుట్టూ నిలబడ్డాం. అరవలేదు. "బాబాయ్ గారూ, పండగ బాగా జరిగిందా" అని మొదలుపెట్టింది. తర్వాత చెప్పిందల్లా ఒక్కటే. ఉంటున్న మనిషిని కోర్టు ఆర్డరు లేకుండా బయట పెడితే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో ఆరో సెక్షన్ కింద ఆరు నెలల్లోపు వాళ్లు కేసు వేయొచ్చు, ఆ కేసులో ఇల్లెవరిదన్నది చూడరు, ఎవరుంటే ఎవరు నెట్టారన్నదే చూస్తారు, కాబట్టి మీ పట్టాలూ పన్ను రసీదులూ అక్కడ పనికిరావు, ఒక్కసారి మీ లాయర్ గారికి ఫోన్ చేసి కనుక్కోండి, మేం ఇక్కడే అరిసెలు తింటూ కూర్చుంటాం. నిజంగానే మా డబ్బా మూత తీసి ఒకటి తీసుకుంది. తొమ్మిదింటికి ఓనరు మేనల్లుడు బండి మీద వచ్చి, మా వైపు చూడకుండా తాళం తీసి జేబులో వేసుకుని పోయాడు. మా ఆయన సుత్తి పక్కింట్లో ఇచ్చేసి వచ్చాడు. ఆ రోజు నుంచి ఫ్రీ లాయరని అనడం మానేసి మేడమ్ గారు అంటున్నాడు.

ఆ తర్వాత కోర్టు భాగం చప్పగా ఉంటుంది, తొందరగా చెప్పేస్తాను. మళ్లీ తాళం వేయకుండా ఇంజంక్షన్ దావా వేసింది. వకాలత్ మీద సంతకం, అఫిడవిట్ మీద సంతకం, 2022లో కొత్తగా తెరిచిన కోర్టు బిల్డింగులో వరండా, వాయిదా. ఓనరు తరఫు లాయరు కౌంటరుకి, అంటే మా దావాకి జవాబు రాసివ్వడానికి, టైమ్ అడిగాడు, మళ్లీ వాయిదా. ఆయనా లాయరమ్మా ఒకే కాలేజీలో చదివారట, క్యాంటీన్లో కలిసే టీ తాగారు, నాకు చచ్చే అనుమానమొచ్చింది, ఇద్దరూ కుమ్మక్కయ్యారని. ఆ టీ దగ్గరే రాజీకి దారి దొరికిందని తర్వాత తెలిసింది. లోక్ అదాలత్‌లో కూర్చున్నాం. పిల్ల పరీక్షలయ్యే దాకా, ఆపైన ఇల్లు వెతుక్కోవడానికి, మొత్తం మే 31 దాకా ఉండొచ్చు. పాత బాకీతో సహా ఆగిన అద్దె అంతా పాత రేటుకే కట్టేయాలి, ఏప్రిల్, మే అద్దెలు అడ్వాన్స్‌లో సరి, మిగిలిన 400 వెళ్లే రోజు చేతికి. 25,000 మాట మళ్లీ ఎత్తకూడదు. లోక్ అదాలత్ అవార్డంటే కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, అంటే ఆయనా మాట తప్పడానికి లేదు, మేమూ జూన్ ఒకటిన కదలమనడానికి లేదు.

అవును, చివరికి ఇల్లు ఖాళీ చేశాం. ఇది చదివి మరి గెలిచిందేముంది అంటారు కొందరు, మా ఆడపడుచు అలాగే అంది. నవంబర్ ఆఖరుకి రోడ్డు మీద పడాల్సిన వాళ్లం మే ఆఖరున, పిల్ల టెన్త్ పాసయ్యాక, పాయకాపురంలో ఇల్లు చూసుకుని, మినీ లారీ మాట్లాడుకుని, సామాను మేమే సర్దుకుని వెళ్లాం. నేను ఆ మెట్లెక్కింది దీనికే అని అప్పుడు నాకు కూడా తెలియదు, ఓనర్ని ఓడించడానికి వెళ్తున్నాననుకున్నాను. ఆవిడ మొదటి రోజే చెప్పింది, టైమ్ ఇప్పించగలను, ఇల్లు ఇప్పించలేను అని. నాకే ఎక్కలేదు.

ఖర్చు: లాయరు ఫీజు సున్నా. జిరాక్స్‌లు, ఆటోలు, పోస్టు కలిపి 1,900 దాకా. పని పోయిన రోజులు వేరే.

ఇప్పుడు ఫిర్యాదులు. ఫోన్ పగలు ఎత్తరు, కోర్టులో ఉంటారు కాబట్టి సరే, కానీ ఆఫీసు ఫోన్ కూడా ఎత్తరు. మూడింటికి రమ్మని అయిదున్నరకి పిలవడం ప్రతిసారీ. ఆడవాళ్లు గంటలు గంటలు కూర్చునే చోట బాత్‌రూమ్‌కి కింద షాపు వాళ్లని బతిమాలాలి. అన్నిటికంటే పెద్ద తప్పు, మా తరఫున పంపిన మొదటి నోటీసు మీద జూనియర్ కుర్రాడు డోర్ నంబర్ తప్పేశాడు, పాత నంబరు కొత్త నంబరు కలిపేసి, అది పదిరోజులు తిరిగి తిరిగి వెనక్కొచ్చింది. ఆ పదిరోజులూ నేను ఓనరుకి నోటీసు అందిందనుకుని వీధిలో తలెత్తుకుని తిరిగాను. సంతకం పెట్టేముందు అడ్రస్సు మీరే చదువుకోండి, ఎంత మంచి లాయరైనా సరే. ఒక నక్షత్రం కోసింది దీనికే. ఆ కుర్రాడు తర్వాత మా ఇంటికొచ్చి గేటు మీది నంబరు ఫోటో తీసుకుపోయాడు, పాపం.

ఎవరికి ఉపయోగం అంటే: డబ్బు పెట్టి లాయర్ని పెట్టుకోలేని వాళ్లకి. ఈ ఆఫీసే దొరకాలని లేదు. ప్రభుత్వం వైపు నుంచి కూడా ఉచిత న్యాయ సహాయం ఉంది, 1987 లీగల్ సర్వీసెస్ చట్టం, అందులో 12వ సెక్షన్. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేదు, ఎంత సంపాదించినా అర్హులే. ఎస్సీ ఎస్టీలకీ, పిల్లలకీ, వికలాంగులకీ, వరదల్లాంటి విపత్తుల్లో దెబ్బతిన్న వాళ్లకీ కూడా. అంటే సింగ్‌నగర్‌లో మునిగిన మా అందరికీ ఈ హక్కు ఉంది, మాకెవరికీ తెలియదు. 15100కి ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో చెప్తారు. కేసు ఇంటి మగవాడి పేరు మీదే వేయాలనేం లేదు, నా కేసు నా పేరు మీదే నడిచింది. వెళ్లేటప్పుడు కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్లండి, ఫోన్‌లో ఛార్జింగ్ ఉంచుకోండి, నీళ్లు తీసుకెళ్లండి. ఓనరు పెట్టిన మెసేజిలు కోపంలో డిలీట్ చేయకండి.

పాయకాపురం ఇంటికి 5,500. ఈసారి అగ్రిమెంటు రాయించాం, లాయరమ్మ చదివి రెండు చోట్ల కొట్టేసి ఇచ్చింది.

ఆఖరుగా ఒకటి. లోక్ అదాలత్ రోజు వరండాలో కూర్చుని ఉండగా చూశాను, ఆవిడ నల్లకోటు జేబు ఒక పక్క మొత్తం ఊడిపోయి వేలాడుతోంది, ఫోన్ పెట్టిపెట్టి. వేరే రోజులు కూడా చూశాను, లోపలి లైనింగ్ చంక కింద చిరిగే ఉంటుంది, జీతం మీద బతికే లాయరుకి కోటు మార్చే తీరిక ఉండదు కాబోలు. నా సంచిలో సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి. ఇలా ఇవ్వండి మేడమ్ అన్నాను. క్లయింట్ల దగ్గర ఏదీ తీసుకోకూడదు, మా ఆఫీసు రూలు అంది. అయిదు నిమిషాల పని, రూలేంటండీ అని లాక్కుని డబుల్ కుట్టు వేసిచ్చాను. ఆవిడ పర్సు తీసి ఇరవై రూపాయలు నా ఒళ్లో పెట్టి, తీసుకోకపోతే జేబు మళ్లీ విప్పేస్తానంది, పైగా రసీదు కావాలంది. నవ్వుకుంటూ బ్లౌజుల బిల్లు పుస్తకం తీసి "కోటు జేబు కుట్టు కూలి రూ. 20, ముట్టింది" అని రాసి సంతకం పెట్టి చింపి ఇచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

"తేదీ ఏదక్కా?" అంది.